వీపు పదిహేడు

నాకూ ఒక వీపు ఉందని, దానికీ ఒక కొలత ఉంటుందని నలభై ఆరేళ్ళు వచ్చాక గానీ తెలియలేదు. అదీ ఎవరికి? ఊళ్ళో సగం మంది వీపులూ భుజాలూ నడుములూ నిద్రలో లేపి అడిగినా చెప్పగల దర్జీ మనిషికి. నవ్వితే నవ్వండి, నేనూ నవ్వుకున్నాను. ఆ శీతాకాలం మొదట్లో మాత్రం ఏడుపే.

కింద కొట్టు, పైన ఇల్లు. కొట్లో మూడు మిషన్లు, పొడవాటి కత్తిరింపు బల్ల, కిటికీ పక్కన నాన్న కుర్చీ. నాన్నకి డెబ్భై నాలుగు. చూపు తగ్గాక కత్తెర నాకు అప్పగించాడు గానీ టేపు మాత్రం మెడలోంచి తియ్యలేదు. కొలతల పుస్తకం కూడా ఆయన దగ్గరే. అందులో పేర్లుండవు. 'ఎడమ భుజం దిగిన లెక్కల మాస్టారు', 'పొట్ట దాచే కాంట్రాక్టరు', 'చేతులు పొడుగు పళ్ళ డాక్టరమ్మ' అని పెద్ద పెద్ద అక్షరాల్లో రాసుకుంటాడు. పేరు మర్చిపోతాం గానీ భుజాన్ని ఎలా మర్చిపోతాం అంటాడు. ఎదిగే పిల్లల పేజీలో అడుగున 'వచ్చే ఏడాది మళ్ళీ కొలవాలి' అని రాసి దానికింద గీత గీస్తాడు. మా ఆయనకి ఆ పుస్తకంలో పేజీ ఉంది. మా ఆయన బస్సులో కండక్టరుకి కూడా ఉంది. నాకు లేదు. ఎవరి గుడ్డలో ముక్క మిగిలితే దాంతో నాకేదో ఒకటి కుట్టేసుకునేదాన్ని. దానికి కొలతెందుకు?

ఆ కిటికీలోంచి కొండ కనిపిస్తుంది. ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి ఇరవై రెండేళ్ళు దాన్నే చూశాను. ఒక్కసారి, దాని నెత్తిమీద మంచు ఉండగానే పైకెక్కి, అక్కణ్ణించి మా కొట్టు ఎక్కడుందో వెతకాలి. అదే నా కోరిక. చెప్తే పిచ్చిదనుకుంటారని ఎవరికీ చెప్పలేదు.

చలి మొదలవుతూనే కొండల సంఘం వాళ్ళు శిఖరం ఎక్కడానికి పేర్లు రాసుకుంటున్నారని తెలిసింది. ముందు మా ఆయనకి చెప్పాను. బస్సు డ్రైవరు, ఏ మలుపులోనూ తొందరపడని మనిషి.

"వెళ్ళు. నువ్వా కొండని చూసే చూపుతో ఒక్కరోజైనా నన్ను చూశావా? ఏదో ఒకటి తేల్చుకునిరా" అన్నారు.

నాన్న దగ్గర మాత్రం నా పప్పులుడకలేదు.

"మంచులో చేతులు మొద్దుబారతాయి. దర్జీకి చేతులు పోతే ఇంకేముంది? కాళ్ళతో కుడతావా?"

"గ్లవ్స్ వేసుకుంటాను నాన్నా."

"వేసుకో. వాటితోనే కాజాలు కూడా కుట్టు." అటు తిరిగి కూర్చున్నాడు. ఆ రోజు నుంచి కొండ మాట ఎత్తితే చాలు, ఆయనకి చెవుడు వచ్చేసేది. మిగతావన్నీ బ్రహ్మాండంగా వినపడేవి.

సంఘానికి లీడరు మా పళ్ళ డాక్టరమ్మే. ఏది చెప్పినా 'నోరు పెద్దగా తెరవండి' అన్నట్టే చెప్తుంది. "ముందు రెండు ప్రాక్టీసు నడకలు. ఎవరి బ్యాగు వాళ్ళే మొయ్యాలి, పన్నెండు కిలోలు. రెండోసారి కూడా బ్యాగు పక్కవాళ్ళ చేతిలో పెట్టారో, పేరు కొట్టేస్తాను. ఇక శిఖరం లేదు" అంది.

కొండ సామాన్ల కొట్టుకి వెళ్ళాను. బట్టతల సేల్స్‌మన్ ఒకాయన టేపు పట్టుకుని ఎదురొచ్చాడు.

"మేడమ్, ఒక్కసారి వీపు కొలుస్తాను."

"ఏమయ్యా, నాకే కొలతలు చెప్తావా? మా ఇంట్లో మూడు తరాలకి అన్నం పెట్టింది ఆ టేపే."

"అది కాదు మేడమ్, పొడుగు వేరు, వీపు వేరు..."

"నా పొడుగు అయిదడుగుల తొమ్మిది అంగుళాలు. పెద్ద సైజు ఇవ్వు. అదిగో, ఆ నీలం రంగుది."

ఖాళీ బ్యాగు తగిలించుకుని అద్దంలో ఇటూ అటూ చూసుకున్నాను. ఎంత బావున్నానో! ఎవరైనా మా కొట్టుకొచ్చి 'కొలతలక్కర్లేదు, కంటితో చూసి కుట్టెయ్' అంటే గుమ్మం దాకా తరుముతాను. ఆ రోజు నాకు కళ్ళు నెత్తికెక్కాయి, అంతే.

మొదటి ప్రాక్టీసులో నా నీలం బ్యాగు పావుగంటకే బుద్ధి చూపించింది. నడుం బెల్టు జారి పిరుదుల మీదకి దిగేది. పైకి లాక్కునేదాన్ని. పది అడుగులకి మళ్ళీ దిగేది. పన్నెండు కిలోలూ భుజాలకి వేలాడుతున్నాయి. కొండ దారిలో ఆగడానికి కట్టిన మొదటి గుడిసె దాటాక దారంతా గాజులా గడ్డకట్టిన మంచు. బూట్ల కింద ఇనప ముళ్ళు తొడుక్కుని, చేతిలో మంచుగొడ్డలి పట్టుకుని ఒక్కో అడుగూ గుచ్చి గుచ్చి వెయ్యాలి. అక్కడ నా కుడిచేతి వేళ్ళు ముందు జివ్వుమన్నాయి, తర్వాత అసలు లేకుండా పోయాయి. గొడ్డలి ఎప్పుడు జారిందో నాకు తెలియలేదు. ఖణేల్‌మని మంచు మీద పడి, జర్రున జారుకుంటూ, నా కింద ఎక్కి వస్తున్న లెక్కల మాస్టారి బూటుకి అంగుళం దూరంలోంచి పోయి కింద రాళ్ళలో ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

డాక్టరమ్మ వెనక్కొచ్చి నా గ్లవ్ లాగేసింది.

"కళ్ళు మూసుకోండి. నేనిప్పుడు ఏ వేలు పట్టుకున్నాను?"

"చూపుడు వేలు."

"నేనసలు ముట్టుకోలేదు."

లెక్కల మాస్టారు నా బ్యాగుని తన ముందు వేలాడేసుకుని దిగాడు. వెనకొకటి, ముందొకటి, మధ్యలో పాపం ఆయన. ఏదో ఒక మాటనుంటే కాస్త తేలికయ్యేది. ఆయన ఒక్క మాటా అనకపోవడంతో తల ఎత్తుకోలేకపోయాను. కిందకొచ్చాక డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచింది.

"ఇంకో ప్రాక్టీసుంది, నాలుగు వారాల్లో. అప్పుడూ చెయ్యి ఇలాగే అయితే ఇక నన్ను అడక్కండి. ఇది మీ ఒక్కరి సంగతి కాదు. ఆ గొడ్డలి కింద అందరి కాళ్ళూ ఉన్నాయి."

ఇంట్లో 'అద్భుతంగా జరిగింది' అని కోతలు కోశాను. మూడో రోజు పొద్దున కోటు ముందు భాగం కత్తిరిస్తున్నాను. సగంలో బొటనవేలు పట్టు తప్పింది. కత్తెర ఆగింది.

"ఏమైంది?" కిటికీ దగ్గర్నుంచి నాన్న.

"ఏం లేదు."

"నీ కత్తెర మధ్యలో ఆగదు. చెయ్యి చూపించు."

దగ్గరకెళ్ళి కింద కూర్చుని చెయ్యి ఇచ్చాను. ఒక్కో వేలూ నొక్కి చూశాడు. ఇక మొదలవుతుంది పురాణం అనుకున్నాను. చెప్పానా, విన్నావా, దర్జీ చేతులు, వగైరా. ఆ మాటలు రాకముందే నాకు దుఃఖం ఆగలేదు.

"పేరు కొట్టేస్తారట నాన్నా. ఇంకొక్కసారే ఛాన్సుంది. నేనిక ఎక్కలేనేమో!"

ఆయన నా జాకెట్ కాలరు పక్కకి తీసి భుజాల మీద వేళ్ళతో తడిమాడు. రెండు వైపులా వాతలు తేలి ఉన్నాయి.

"ఇది చలి పని కాదే అమ్మాయ్. చంక దగ్గర బిగించి కుట్టిన కోటు తొడిగి చూడు, అరగంటలో చెయ్యి ఇలాగే మొద్దుబారుతుంది. ఏదీ, ఆ బ్యాగు పట్రా."

పట్టుకొచ్చాను. అస్తరు గుడ్డ తానులు రెండు, పాత ఇనప ఇస్త్రీపెట్టె ఒకటి అందులో వేయించాడు. తగిలించుకుని కొట్టంతా నాలుగుసార్లు నడవమన్నాడు. బెల్టు ఎక్కడ ఆగిందో చేత్తో తడిమి చూశాడు.

"నడుం బెల్టని చెప్పి ఇది కూర్చునే చోట వేలాడుతోందేం? దించు దీన్ని."

మెడలోంచి టేపు తీశాడు. "వెనక్కి తిరుగు. తల వంచు."

మెడ కింద పైకి తేలే ఎముక మీద టేపు కొస ఆనింది. చల్లగా తగిలింది. "చేతులు నడుం ఎముకల మీద పెట్టుకో. బొటనవేళ్ళు వెనక్కి. ఆ, కదలకు." టేపు నా వీపు మీదుగా దిగింది. ఆగింది. మళ్ళీ పైకెళ్ళి మళ్ళీ దిగింది. నాన్న ఎవరినైనా రెండోసారి కొలవడం నేనెప్పుడూ చూడలేదు.

"అంకె చూసి చెప్పు" అన్నాడు, గోటితో పట్టుకున్న చోటు చూపిస్తూ.

"పదిహేడు. కాదు నాన్నా, నేనింత పొడుగుంటే..."

"పొడుగంతా కాళ్ళలో ఉంది. వీపు మీ అమ్మది. మరి ఈ బ్యాగు వీపెంత?"

కొలిచాను. "ఇరవై ఒకటి."

"నాలుగంగుళాలు! ఇదే మన కొట్లో ఎవరైనా చేసి ఉంటే పనిలోంచి తీసేసేదానివి."

"పోనీ, మనమే కత్తిరించి సరిచేసేద్దాం."

"లోపల ఇనప పట్టీలున్నాయి. అది వాళ్ళ కుట్టు. మనకి తెలియని కుట్టు మీద కత్తెర పెట్టకూడదు." టేపుని నెమ్మదిగా చుట్టి, మళ్ళీ విప్పి, మళ్ళీ చుట్టాడు. "ఊళ్ళో అందర్నీ కొలిచాను" అన్నాడు. టేపు విప్పి మళ్ళీ మెడలో వేసుకున్నాడు. "రేపు ఆ కొట్టుకి వెళ్దాం. నేనూ వస్తున్నాను."

నన్ను చూడగానే బట్టతల ఆయన పెదవి బిగపట్టి నవ్వు ఆపుకున్నాడు.

"మేడమ్, పొడుగు వేరు..."

"వీపు వేరు. తెలిసిందయ్యా, ఇక చంపకు."

నాన్నకి ఆయన తెగ నచ్చేశాడు. టేపు మనుషులిద్దరూ కలిస్తే నేనెవరికి కావాలి? నన్ను మధ్యలో నిలబెట్టి బొమ్మలా తిప్పారు. ఇసక మూటలు వేసి ముందు బరువు పన్నెండు కిలోలు చేశారు. ఖాళీ బ్యాగు ఎవరికైనా నప్పుతుంది అన్నాడు సేల్స్‌మన్. అన్ని పట్టీలూ వదులు చేసి, మొదట నడుం బెల్టు ఎముకల మీదకి తెచ్చి బిగించాడు. ఆ తర్వాతే భుజం పట్టీలు. ఆ తర్వాత భుజాల మీదనుంచి బ్యాగుకి పోయే చిన్న పట్టీలు. చివర్లో గుండె మీది క్లిప్పు. నాన్న ఒక్కో పట్టీ కిందా రెండు వేళ్ళు దూర్చి చూశాడు.

"కాలరుకి రెండు వేళ్ళు పట్టాలంటాం చూడు, ఇదీ అంతే" అన్నాడు.

"మీలాంటి కస్టమరు పదేళ్ళకొకరు వస్తారు సార్" అన్నాడు సేల్స్‌మన్. పొగడ్తో, మొరో తెలియదు.

రెండు బ్యాగులు వద్దన్నారు. మూడోది నప్పింది. బూడిద రంగు, అందం చందం లేదు.

"ఇందులో నీలం లేదా?" అన్నాను.

"రంగు నీకెక్కడ కనపడుతుందే? వెనకాల వచ్చేవాడికి కనపడుతుంది" అన్నాడు నాన్న. "కోటు ట్రయల్‌కి చేతులెత్తిస్తాం. దీనికి నడిపించాలి. పద, ఆ మెట్లెక్కు."

ఆ కొట్టు మెట్లు నలభై నిమిషాలు ఎక్కి దిగాను. సేల్స్‌మన్ భోజనం చల్లారిపోయింది. బరువు ఎక్కడికీ పోలేదు, చోటు మార్చుకుంది. చంటిపిల్లని నడుం మీద ఎత్తుకున్నట్టు అక్కడే కూర్చుంది. భుజాలు ఖాళీ. వేళ్ళు ముడిచి తెరిచాను, ముడిచి తెరిచాను. పదీ పలికాయి. కొట్టు అని కూడా చూడకుండా మెట్ల మీదే గట్టిగా అరిచాను. నీలం బ్యాగు వెనక్కి తీసుకున్నారు, దాన్ని మళ్ళీ తిరిగి చూడలేదు.

తర్వాత మూడు వారాలు మా ఇల్లు ఇల్లు కాదు. తెల్లారగట్ల మా ఆయన నన్ను పక్క వీధిలో తొమ్మిదంతస్తుల ఆఫీసు దగ్గర దింపేవారు. బ్యాగులో నీళ్ళ సీసాలు పన్నెండు వేసుకుని మెట్లెక్కేదాన్ని. ఆయన కింద నిలబడి "తొమ్మిదో అంతస్తు, తొమ్మిదో అంతస్తు! మధ్యలో స్టాపుల్లేవు!" అని కేకలేసేవారు. వాచ్‌మన్ మొదటి రోజు అడ్డుకున్నాడు. నాలుగో రోజు నుంచి ఎన్నిసార్లెక్కానో తనే లెక్కపెట్టేవాడు.

సాయంత్రాలు నాన్న వంతు. గ్లవ్స్ తొడిగించి, కళ్ళు మూసుకోమని, "టోపీ తియ్యి. లైటు తియ్యి. రెండో జత గ్లవ్స్ తియ్యి" అనేవాడు. బరువైనవి వీపుకి ఆనించి, తేలికవి అడుగున, తొందరగా కావాల్సినవి పైన. నీళ్ళ సీసా తలకిందులుగా పెట్టాలని ఎవరినడిగి తెలుసుకున్నాడో! నీళ్ళు పైనుంచి గడ్డకడతాయట, తలకిందులుగా ఉంటే మూత బిగుసుకోదట. అన్నీ బాగానే ఉన్నాయి గానీ జిప్పుల దగ్గర చిక్కొచ్చింది. జిప్పు తోక గోరంత ఉంటుంది. లావు గ్లవ్స్‌తో అది దొరికి చావదు.

నాన్న ఎర్ర అస్తరు గుడ్డని సన్నగా చీల్చి, తాడులా పేని, వేలు దూరేంత ఉచ్చులు చేశాడు. సూదిలో దారం ఎక్కించి నేనిచ్చాను. ఎనిమిది జిప్పులకి ఎనిమిది. చూపు ఆనని కళ్ళు పైకెత్తి పెట్టుకుని, వేళ్ళతోనే కుట్టాడు. "బూడిద రంగన్నావుగా. ఇంద, ఎరుపు" అన్నాడు.

రెండో ప్రాక్టీసులో రెండో గుడిసె దగ్గర డాక్టరమ్మ అడక్కముందే గ్లవ్ తీసి కళ్ళు మూసుకున్నాను.

"ఏ వేలు?"

"ఉంగరం వేలు. కాస్త మెల్లిగా గిల్లండి డాక్టరుగారూ, మత్తు ఇవ్వలేదు."

ఆవిడ నవ్వడం నేను చూడటం అదే మొదటిసారి. "పేరు ఉంచుతున్నాను" అంది.

శిఖరం రోజు ఏడుగురం బయల్దేరాం. ఆకాశం నీలంగా ఉంది, గాలి మాత్రం కోస్తోంది. మూడో గుడిసె దాటాక నిలువు మంచు. ముళ్ళు గుచ్చడం, గొడ్డలి దించడం, ఊపిరి. మళ్ళీ ముళ్ళు, గొడ్డలి, ఊపిరి. బెల్టు ఎముకల మీద కదలకుండా ఉంది. గొడ్డలి దించిన ప్రతిసారీ దెబ్బ మోచేతి దాకా తెలుస్తోంది. ఆ నొప్పి నాకెంత బావుందో చెప్పలేను.

శిఖరం ఇంకో గంట ఉందనగా, రాళ్ళ చాటున ఆగి నీళ్ళు తాగుతున్నాం. లెక్కల మాస్టారు కళ్ళద్దాలు తుడుచుకుందామని కుడి గ్లవ్ తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక్క గాలి విసురుకి అది ఎగిరి, మా కళ్ళముందే లోయలోకి పోయింది.

"బ్యాగులో ఇంకో జత ఉంది" అన్నాడు. జిప్పు మీద మంచు పేరుకుంది. ఆయన వట్టి వేళ్ళు అప్పటికే తెల్లబడుతున్నాయి. పక్కాయన గ్లవ్స్‌తో ఆ జిప్పు తోక పట్టుకోబోయాడు, జారింది. గ్లవ్స్ తీసెయ్యబోతే డాక్టరమ్మ "తియ్యొద్దు! ఇంకో చెయ్యి పోగొట్టుకోవద్దు!" అని అరిచింది.

నేను బ్యాగు దింపాను. ఎర్ర ఉచ్చులో గ్లవ్ బొటనవేలు దూర్చి ఒక్క లాగు లాగాను. మూడోది, పైన కుడివైపు. కళ్ళు మూసుకుని వందసార్లు తీసిన జిప్పు. నా రెండో జత బయటకొచ్చింది. మాస్టారి చేతికి నేనే తొడిగాను. చిన్నపిల్లాడిలా చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఏ వేలు?" అన్నాను.

"అన్నీనమ్మా" అన్నాడు. ఆయన కళ్ళద్దాల వెనక తడిగా ఉంది. గాలికే అయ్యుంటుంది.

డాక్టరమ్మ నా జిప్పులన్నీ ఒకటొకటిగా చూసింది. తర్వాత తాడు సర్దుకుని, "మీరు ముందు నడవండి" అంది.

ముందు నడిచాను. ఇరవై రెండేళ్ళు ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడి చూసిన ఆ తెల్లటి అంచు మీద మొట్టమొదట నా ముళ్ళే దిగాయి. ఇక పైకి దారి లేదు. అరిచాను. ఏమని అరిచానో తెలియదు, మాస్టారు మాత్రం ఇప్పటికీ అలాగే అరిచి వినిపిస్తుంటాడు. సంతోషం, గర్వం, అన్నీ. నాకు నేనే నచ్చాను, అంత నచ్చడం అదే మొదలు.

తర్వాత కొట్టు కోసం వెతికాను. ఎక్కడ కొట్టు? ఊరే కత్తిరింపు బల్ల కింద పడిన గుడ్డముక్కంత ఉంది. అక్కడ ఓ కిటికీ, ఆ కిటికీ దగ్గర కుర్చీ, అందులో మెడలో టేపుతో ఓ మనిషి. కనపడకపోయినా చెయ్యి ఊపాను. అయిదు వేళ్ళూ విప్పి ఊపాను.

దిగొచ్చేసరికి దీపాలు పెట్టే వేళయింది. మా ఆయన గుమ్మంలోనే "చివరి స్టాపు! అందరూ దిగాలి!" అని అరిచి, బ్యాగు అందుకోబోయారు. ఇవ్వలేదు. లోపలిదాకా నేనే మోసుకెళ్ళాను.

నాన్న కుర్చీలోంచి లేవలేదు. "బెల్టు జారిందా?"

"ఒక్క నూలుపోగంత కూడా జారలేదు."

"చెయ్యి ఇలా ఇవ్వు." వేళ్ళన్నీ నొక్కి చూశాడు. బల్ల మీదనుంచి సూది తీసి అందించాడు. "దారం ఎక్కించు."

మొదటిసారికే ఎక్కించాను. సూది వెనక్కి తీసుకుని దారం కొస తడిమి చూసి, "ఊ" అన్నాడు. నాన్న దగ్గర 'ఊ' అంటే మాటలు కాదు.

వారం తిరిగేసరికి డాక్టరమ్మ వచ్చింది, వెనకాల మాస్టారు, మిగతా నలుగురూ. అందరి చేతుల్లో బ్యాగులు. అందరికీ ఎర్ర ఉచ్చులు కావాలట. "ఇంతకీ మీ గ్లవ్ సైజెంత?" అని నాన్న ఆవిడని అడిగి, "అమ్మాయ్, డాక్టరమ్మ పేజీ తియ్యి" అన్నాడు.

పుస్తకం తెరిచాను. డాక్టరమ్మ పేజీ తర్వాత ఒక కొత్త పేజీ ఉంది. గీతలు దాటిపోయిన పెద్ద అక్షరాలు, వంకరటింకరగా, చూపు ఆనకుండా రాసినవి.

'కొండెక్కిన పిల్ల. వీపు పదిహేడు.'

అడుగున ఇంకో వాక్యం. దాని కింద గీత. గీత పేజీ దాటి బయటికి పోయింది.

'వచ్చే ఏడాది మళ్ళీ కొలవాలి.'

కొట్లో అంతమంది ఉన్నారని కూడా చూసుకోలేదు. ఆ గీత మీద వేలు పెట్టుకుని అడిగాను. "నలభై ఆరేళ్ళు నాన్నా నాకు. నేనింకా ఎదుగుతానా?"

"కొలిస్తేగా తెలిసేది" అన్నాడు నాన్న, మెడలో టేపు సర్దుకుంటూ.